రిమోట్ ఎక్కడ ఆగితే అదే రివ్యూ

శుక్రవారం మధ్యాహ్నం అయ్యేసరికి కొత్త సినిమా జాతకం తేలిపోతుంది. ఐదుకు రెండున్నర, రెండుముప్పావు, మూడు. తెలుగు సినిమా మొత్తం ఈ మూడు అంకెల మధ్యే బతుకుతోందేమో అనిపిస్తుంది. సోమవారానికి కలెక్షన్ల పోస్టర్లు దిగుతాయి. ఆ హీరో అభిమానులు నమ్ముతారు, అవతలి హీరో అభిమానులు ఫేక్ అంటారు. ఈ గొడవ దేనితోనూ పనిలేని ప్రేక్షకుడు ఒకడుంటాడు. మొదటి రోజు మొదటి ఆటకు వెళ్లడు, బడ్జెట్ ఎంతో అడగడు, దర్శకుడి పాత సినిమాలతో పోల్చి చూడడు. రాత్రి అన్నం తిన్నాక సోఫాలో కూలబడి ఛానెళ్లు తిప్పుతాడు, లేదంటే ఫోన్‌లో ఏదో ఒకటి పెట్టుకుంటాడు. నేనూ ఆ బాపతే. మా తరఫున ఎవరూ రివ్యూలు రాయరు కాబట్టి నేనే రాస్తున్నాను.

మా దగ్గరున్న కొలబద్ద ఒక్కటే. సినిమా సగంలో ఉండగా తగిలితే రిమోట్ అక్కడ ఆగుతుందా, ఆగదా? విలన్ ఎందుకు పగబట్టాడో, హీరోయిన్ ఎవరి కూతురో గుర్తు లేకపోయినా ఆ ఒక్క సీన్ కోసం కూర్చుంటామా? కూర్చుంటే మంచి సినిమా. వినడానికి ఇది బద్ధకస్తుడి లెక్కలా ఉంటుంది, కొంత నిజం కూడా. కానీ టికెట్ రేట్ల గొడవ, ఈలలు, మొదటి వారం హడావుడి అన్నీ సద్దుమణిగాక సినిమాలో ఏం మిగిలిందో ఈ లెక్కే తేలుస్తుందని నా నమ్మకం.

ఈ పరీక్షలో ఫస్ట్ ర్యాంకు 'అతడు'దే. మహేశ్‌బాబుతో త్రివిక్రమ్ తీసిన ఈ సినిమా 2005లో వచ్చింది. మాటీవీ దాన్ని పదేపదే వేయడం మీద జనం జోకులు వేసుకోవడం మొదలై కూడా చాలా ఏళ్లయింది. అయినా వస్తుంటే ఆగుతాం. కథ చూస్తే మరీ కొత్తదేమీ కాదు. డబ్బు తీసుకుని మనుషుల్ని చంపేవాడు, తాను చేయని హత్య మీద పడటంతో పారిపోతూ, చనిపోయిన మరొకడి పేరుతో అతని ఇంటికి చేరతాడు. గుట్టు ఎప్పుడు బయటపడుతుందన్న టెన్షన్ మొదటిసారికే సరి. ఆ తర్వాత కూర్చోబెట్టేది ఆ ఇల్లు. అందులో ప్రతి మనిషికీ సొంత గోల ఒకటుంది. నాజర్ తాతయ్య దిగులు వేరు, బ్రహ్మానందం అవస్థ వేరు, త్రిష అలకలు వేరు. పొలంలో ఫైట్ అయిపోయాక తనికెళ్ల భరణి ఆ దెబ్బల్ని తీరిగ్గా వర్ణిస్తాడు. ఫైట్ కన్నా ఆ వర్ణనే జనానికి ఎక్కువ గుర్తు. ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరగబోతుందో తెలియకపోయినా ఆ సీన్‌లో లోటేమీ కనిపించదు.

అదే హీరో, అదే దర్శకుడు కలిసి 2010లో 'ఖలేజా' తీస్తే థియేటర్లలో ఆడలేదు. మహేశ్‌బాబు సినిమా కోసం మూడేళ్లు ఎదురుచూసిన అభిమాని ఏదో ఊహించుకుని వెళ్లాడు. తెర మీద నోటిదురుసు టాక్సీ డ్రైవర్ ఒకడు, అనుష్క ఎదురుపడితే చాలు ఏదో నష్టం జరుగుతుందని బెంబేలెత్తుతూ కనిపించాడు. పైగా ఊరి జనం అతన్ని దేవుడంటారు, అతనేమో అదేం గోల అని విసుక్కుంటాడు. నవ్వాలా, దండం పెట్టాలా అన్నది హాల్లో కూర్చున్నవాళ్లకు తేలలేదు. ఇంట్లో ఆ సమస్య లేదు. దేవుడి సంగతి వచ్చినప్పుడు మంచినీళ్లకు లేచినా, కామెడీ మొదలయ్యేసరికి వచ్చి కూర్చోవచ్చు. అలా చూసీ చూసీ మాటలన్నీ నోటికొచ్చేశాయి. 2025లో మళ్లీ విడుదల చేస్తే, టీవీలో కంఠతా పట్టిన సినిమాకే జనం టికెట్లు కొనుక్కుని వెళ్లారు. రీరిలీజులంటే హీరో పుట్టినరోజు సంబరాలని కొట్టిపారేసేవాళ్లున్నారు. చాలావాటి విషయంలో అది నిజమే కావచ్చు, 'ఖలేజా' విషయంలో మాత్రం పాత తీర్పును మార్చింది టీవీ ముందు కూర్చున్నవాళ్లే.

పాత సినిమాల్లో ఈ గుణం మరీ ఎక్కువ. 1957 నాటి 'మాయాబజార్' మూడు గంటల సినిమా. భారత కథే అయినా పాండవులు ఒక్క సీన్‌లోనూ కనపడరు. ఆ సంగతి ఎవరో చెప్తే తప్ప మనకు తట్టదు, ఎందుకంటే ఎక్కడ తెరిచి చూసినా ఎవరో ఒకరు మనల్ని పట్టుకుంటారు. నాకైతే సావిత్రి. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆమె నటించే భాగం ఏ నిమిషం నుంచి చూసినా చాలు, కళ్లలో ఎస్వీ రంగారావు కనబడతాడు. 1987లో జంధ్యాల తీసిన 'అహ నా పెళ్ళంట' కూడా అంతే. కోడిని ఎదురుగా వేలాడదీసుకుని, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే కోట శ్రీనివాసరావు కోసం కథ మొత్తం తెలియాలా? పిసినారితనం మీద పది డైలాగులు రాయాల్సిన పనిని ఆ కోడి ఒక్కటే చేసేసింది.

ఇక ఇప్పటి భారీ సినిమాల సంగతికి వస్తే, ఇక్కడ నా అభిప్రాయాలు కొందరికి నచ్చవు. 'ఆర్‌ఆర్‌ఆర్' పాసైంది. తెల్లదొరల విందు మీదికి లారీలోంచి అడవి జంతువులతో పాటు ఎన్టీఆర్ దూకే సీన్‌కు చరిత్ర అక్కర్లేదు, లాజిక్ అసలే అక్కర్లేదు. కీవ్‌లోని మరిన్‌స్కీ భవనం ముందు తీసిన 'నాటు నాటు' కూడా అలాంటిదే. కీరవాణి, చంద్రబోస్‌లకు 2023లో ఆస్కార్ వచ్చిందని కాదు గానీ, ఆ పాటలో చిన్న కథ ఒకటుంది. అవమానం, పోటీ, స్నేహితుడి కోసం ఓడిపోవడం అన్నీ ఆ కొన్ని నిమిషాల్లోనే అయిపోతాయి. రాజమౌళి సినిమా మొత్తంతో గొడవపడేవాళ్లు కూడా అతని సీన్‌తో పడలేరు.

'పుష్ప 2'కు సగం మార్కులే వేస్తాను. జాతర ఘట్టంలో చీర కట్టి, నీలి రంగు పూసుకుని అల్లు అర్జున్ ఆడిన తీరు చూస్తుంటే ఛానెల్ మార్చబుద్ధి కాదు. ఆ పది నిమిషాలు దాటాక మళ్లీ ఎవరో ఎవరికో సవాలు విసురుతూ ఉంటారు. సినిమా నిడివే మూడు గంటల ఇరవై నిమిషాలు, ఆ తర్వాత మరో ఇరవై నిమిషాలు కలిపి ఇంకో వెర్షన్ వదిలారు. అది ఎవరు అడిగారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. 'కల్కి'లో అశ్వత్థామగా అమితాబ్ లేచినప్పుడు సినిమా కూడా లేస్తుంది. అంతవరకు ప్రభాస్ పాత్రతో చేయించిన కామెడీకి రిమోట్ ఆగదు. 'యానిమల్' గురించి పేజీలకు పేజీలు వాదనలు నడిచాయి, మగతనం గురించి, హింస గురించి. మా బాపతు వాళ్ల అభ్యంతరం అంతకన్నా చిన్నది: ఆ మూడు గంటల ఇరవై నిమిషాల్లో ఎక్కడ దిగినా అదే మనిషి, అదే కోపం.

ఇంతవరకు చదివినవాళ్లకు ఒక సందేహం రావాలి. మధ్యలోంచి చూడగలగడమే గొప్పయితే సీరియళ్లన్నీ గొప్పవేగా? నిజమే, 'కార్తీక దీపం' 2017 నుంచి 2023 వరకు నడిచింది. నెలరోజులు ఊరెళ్లి వచ్చి చూసినా వంటలక్క అక్కడే ఉండేది, బిడ్డలు తన వాళ్లు కారన్న డాక్టర్ బాబు అనుమానం అక్కడే ఉండేది, మోనిత కుట్ర కూడా అక్కడే. మొగుడేమో డాక్టరు, ఒక్క పరీక్షతో తేలిపోయే సంగతికి ఏళ్లకేళ్లు పట్టడమేమిటని రాష్ట్రమంతా నవ్వుకుంది, నవ్వుకుంటూనే చూసింది. ఇక్కడ మనం ఎక్కడైనా ఎక్కగలం, ఎందుకంటే బండి కదలదు. 'అతడు'లో ప్రతి సీన్‌లో ఏదో ఒకటి పూర్తవుతుంది, ఇక్కడ ఏదీ పూర్తి కాదు. అయితే వంటలక్కగా వేసిన ప్రేమి విశ్వనాథ్‌ను తక్కువ చేయలేను. అంత సాగతీతలోనూ ఆ పాత్ర ఆత్మాభిమానాన్ని ఆమె ఒక్క రోజు కూడా జారిపోనివ్వలేదు. సీరియల్ అనగానే ముఖం చిట్లించే మగవాళ్లు ఏడున్నరకు అన్నం పళ్లెంతో టీవీ గదిలోకే ఎందుకు వచ్చేవాళ్లో చెప్పమనండి.

బుల్లితెర మీద అసలైన పనితనం కావాలంటే 'అమృతం' చూడాలి. గుణ్ణం గంగరాజు 2001లో జెమినీలో మొదలుపెట్టిన ఈ కామెడీలో అమృతంగా శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ వరసగా మారారు. హీరో మారితే సీరియల్ మూతపడాలి. ఇది మూతపడలేదు, ఎందుకంటే ఆంజనేలుగా గుండు హనుమంతరావు, సర్వంగా వాసు ఇంటూరి, అప్పాజీగా శివన్నారాయణ కదలకుండా ఉన్నారు. ఒక హోటలు, ఓనరు వేధింపు, ఇద్దరు స్నేహితుల అతితెలివి. ఏ ఎపిసోడ్‌కు ఆ ఎపిసోడ్ మొదలై అయిపోతుంది. ఇప్పుడు యూట్యూబ్‌లో చూస్తున్న పిల్లల్లో చాలామంది అది టీవీలో వస్తున్నప్పుడు పుట్టి కూడా ఉండరు. 'పాడుతా తీయగా' పాత భాగాలూ అలాగే పనికొస్తాయి. పాడిన పిల్ల ఎవరో, ఆ వారం ఎవరు గెలిచారో మనకు అనవసరం, పాట అయ్యాక బాలు చెప్పే ముచ్చట కోసం ఆగుతాం. బిగ్ బాస్ మాత్రం మొన్నటి గొడవ తెలియకపోతే నిన్నటిది అర్థం కాదు, రెండూ తెలిశాక ఎందుకు తెలుసుకున్నామో అర్థం కాదు.

ఓటీటీ వచ్చాక మా పద్ధతికి గండి పడింది. అక్కడ ఛానెల్ తిప్పుతుంటే తగలడం అనేది లేదు, మనమే వెతికి పెట్టుకోవాలి, మొదటి ఎపిసోడ్ నుంచే చూడాలి. రెండు గంటల్లో తేలిపోయే కథను మజ్జిగలో నీళ్లు కలిపినట్టు ఎనిమిది ఎపిసోడ్లకు పలచన చేస్తున్నారు. మూడో ఎపిసోడ్ దగ్గర వదిలేసినవి నా ఫోన్‌లో వరసగా కనబడుతుంటాయి, వాటిని పూర్తి చేసే ఉద్దేశం నాకు లేదు. 'ది ఫ్యామిలీ మ్యాన్' ఆ వరసలో చేరలేదు. చిత్తూరు జిల్లా నుంచి వెళ్లిన రాజ్, డీకేలు తీసిన ఆ సిరీస్‌లో ఉగ్రవాదుల వేట కన్నా, ఇంటికొచ్చిన గూఢచారి పెళ్లాం పిల్లల ముందు ఆడే అబద్ధాలే నాకు నచ్చాయి.

హిందీ సిరీస్ 'పంచాయత్' ఇంకా పై మెట్టు మీద ఉంటుంది. మొదటి సీజన్‌లో చక్రాల మీద తిరిగే కొత్త ఆఫీసు కుర్చీ ఒకటి వస్తే అందులో ఎవరు కూర్చోవాలన్న దాని మీద ఒక ఎపిసోడ్ మొత్తం నడుస్తుంది. ఊళ్లలో అధికారం ఎలా ఉంటుందో అంతకన్నా బాగా ఎవరు చెప్పారు? సర్పంచ్ భార్య, పెత్తనం భర్తది. స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లకిచ్చిన మన రెండు రాష్ట్రాల్లోనూ ఇది రోజూ కనిపించేదే. అందుకే 2025లో దాన్ని తెలుగులో 'సివరపల్లి'గా తీశారంటే ఆశపడ్డాను. రాగ్ మయూర్ బాగా చేశాడు, తెలంగాణ యాస సహజంగా కుదిరింది, మురళీధర్ గౌడ్ గురించి చెప్పక్కర్లేదు. కానీ సీన్లను హిందీ నుంచి అలాగే దింపేశారు. మన సర్పంచుల దగ్గర సొంత కథలు లేకనా?

ఉన్నాయని '90's' నిరూపించింది. 2024 సంక్రాంతికి ముందు ఈటీవీ విన్‌లో వచ్చిన ఆరు ఎపిసోడ్లు. లెక్కల మాస్టారుగా శివాజీ, ఖర్చు లెక్కలు, మార్కుల భయాలు, పిల్లలకు పడని ఉప్మా. ఆదిత్య హాసన్ ఇందులో హత్య పెట్టలేదు, మలుపు పెట్టలేదు, అయినా ఏ ఎపిసోడ్ పెట్టినా ఇంట్లో అందరూ వచ్చి చేరతారు. హైదరాబాద్‌లో జరిగే మలయాళ సినిమా 'ప్రేమలు'కు తెలుగు మాటలు రాసిందీ ఆయనే. ఆ రోజుల్లో సోషల్ మీడియాలో తిరుగుతున్న జోకులు కొన్ని అందులో ఇరికించారు, అవి అప్పుడే పాతబడ్డాయి. మిగతా మాటలకు మాత్రం డబ్బింగ్ సినిమా చూస్తున్నామన్న సంగతే మరిచిపోతాం.

నా కొలబద్దకు లొంగని సినిమాలూ రెండున్నాయి, వాటిని దాచిపెట్టి వాదన గెలవడం నాకిష్టం లేదు. 'కేరాఫ్ కంచరపాలెం' 2018లో వచ్చింది. విశాఖలోని ఆ పేట మనుషులనే పెట్టి వెంకటేశ్ మహా తీసిన సినిమా. నాలుగు ప్రేమకథలు పక్కపక్కనే నడుస్తాయి. అవి ఎందుకు పక్కపక్కన నడుస్తున్నాయో చివర్లో తెలుస్తుంది, చూడనివాళ్ల కోసం అది చెప్పను. సగంలో తగిలితే ఎవరెవరో ఎక్కడెక్కడో మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది, ఆ చివరి దెబ్బ తగలదు.

'బలగం' రెండోది. 2023 మార్చిలో థియేటర్లకు వచ్చింది, నెల తిరక్కుండానే ఓటీటీలోకీ వచ్చింది, అయినా పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కూర్చుని చూశారు. ఓటీటీలో ఉన్న సినిమాను ఇంట్లో ఒంటరిగా చూడొచ్చుగా అంటే, తెగిపోయిన అన్నదమ్ములు ఆ పందిట్లో పక్కపక్కన కూర్చోవడం వేరు. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు, పదకొండో రోజు దగ్గర పడుతుంటుంది, ఇంట్లోవాళ్లు మాత్రం ఎప్పుడో భోజనాల దగ్గర నల్లిబొక్క (మూలుగ ఎముక) కోసం పడ్డ గొడవను ఇంకా మోస్తుంటారు. వేణు యెల్దండి ఆ గొడవను ముందు నవ్వులాటగా చూపించి, నెమ్మదిగా బరువు పెంచుకుంటూ పోయాడు. టీవీలో ఎప్పుడు వచ్చినా చివరి బుర్రకథ పాట దగ్గర జనం ఆగి కళ్లు తుడుచుకోవడం చూశాను. ఆ ఏడుపు నిజమే గానీ, నల్లిబొక్క సంగతి తెలియకుండా ఏడ్చేవాళ్లకు సినిమాలో సగమే అందుతోంది. కాబట్టి 'అతడు' ఎక్కడ తగిలితే అక్కడి నుంచి చూడండి, 'బలగం' మధ్యలో తగిలితే మాత్రం ఛానెల్ మార్చేసి, తీరిక దొరికిన రోజు మొదటి నుంచి పెట్టుకోండి.