నవలా గృహాలలో ఎంగిలి కప్పుల సమస్య

గత రెండు నెలలలో 11 కాలక్షేప నవలలను ఆద్యంతం చదివిన మీదట, మన సాహిత్య విమర్శకులు ఇంతవరకు పట్టించుకోని ఒక తీవ్రమైన సమస్య నా దృష్టికి వచ్చింది. వాటిలో ఆరు ప్రేమకు, నాలుగు హత్యకు, ఒకటి ఆ రెండింటికీ సంబంధించినవి. 1904లోనే శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయాన్ని స్థాపించుకున్న హనుమకొండలో ఉంటూ, గంభీర గ్రంథాలను వదిలి ఇటువంటివి చదువుతున్నందుకు కొంత సిగ్గుగానే ఉన్నా, పరిశోధన అన్న మాటను అడ్డు పెట్టుకుంటే ఆ సిగ్గు చాలావరకు తగ్గుతుంది.

సమస్య ఇది: ఈ 11 నవలలలోని పాత్రలు, నా లెక్క ప్రకారం, 143 కప్పుల కాఫీ తాగాయి, ఒక్క కప్పునూ ఎవరూ కడగలేదు. నాయకుడు సగం తాగిన కప్పును కిటికీలో పెట్టి, వానను చూసి నిట్టూరుస్తాడు. ప్రకరణం ముగుస్తుంది. కప్పు మళ్లీ కనబడదు. పదార్థానికి నాశనం లేదని బడిలో చదువుకున్నవాళ్లం గనుక, ఆ కప్పులు ఎక్కడికో చేరుతూ ఉండాలి. నేను రెండు ప్రకరణాలు చదివి లేచేసరికి మా సింకులోని కుప్ప పెరిగి ఉండడాన్ని బట్టి, అవి మా ఇంటికే వస్తున్నాయని నిర్ధారించాను. ఎవరూ తోమకపోవడం వల్లనే పెరిగిందని మా శ్రీమతి వాదన. అది పైపై పరిశీలన.

భాష సంగతి వేరే చెప్పాలి. ఏటా సెప్టెంబరు 9న కాళోజీ పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకొనే మాకు, నవలలో వచ్చేది కుళాయి, ఇంట్లో వచ్చేది నల్లా. కుళాయి నాయిక ముఖం కడుక్కోవాలనుకున్న క్షణాన పారుతుంది. నల్లా మాత్రం హంతకుడు తలుపు తెరిచే క్షణాన్ని చూసుకొని వస్తుంది.

వంట విషయంలో రచయితల భయం నాకు అర్థమవుతుంది. నాయిక చేత సర్వపిండి చేయించే సాహసం ఏ నవలలోనూ కనబడలేదు. మొదటిది కాలిన గంజును నీళ్లతో చల్లార్చి, తుడిచి, మళ్లీ నూనె రాసి, పిండిని పలుచగా ఒత్తి, వేలితో రంధ్రాలు పెట్టి, మూత వేసి పొయ్యి మీద పెట్టేసరికి, ఎదురుచూస్తున్న నాయకుడి తొలిచూపు ప్రేమ ఆకలిగా మారి, ఆకలి కోపంగా మారి, నవల నాలుగో పేజీలోనే విడాకుల దాకా పోతుంది. అందుకే వాళ్లు కాఫీతో సరిపెడతారు.

ఈ పరిశోధనలో నేను నష్టపోలేదనలేను. మొన్న డాబా మీద ఎండబెట్టిన వడియాలకు కోతుల నుంచి కాపలా కాసే బాధ్యతను నాకు అప్పగించారు. చేతిలో కర్ర, ఒళ్లో హత్యా నవల. డిటెక్టివు అందరినీ హాలులో కూర్చోబెట్టి ఒక్కొక్కరి ముఖం చూస్తున్న సమయంలో తలెత్తడం ఏ పాఠకుడికైనా సాధ్యమా? తలెత్తేసరికి పాత చీర మిగిలింది, దాని మీద మూడు వడియాలు మిగిలాయి. పిట్టగోడ మీద ఒక పెద్ద కోతి నా వంక సానుభూతితో చూస్తూ నములుతున్నది.

మా శ్రీమతి పైకి వచ్చి అంతా చూసింది.

“ఏందయ్యా, ఆ చంపినోడు దొరికిండా?”

“దొరికిండు” అన్నాను. అబద్ధమాడే అలవాటు లేదు.

“మంచిగైంది. పుస్తకం ఇటియ్యి. నల్లా వచ్చింది, పోయి నీళ్లు పట్టు.”

ఏడు బిందెలు, ఒక డ్రమ్ము నింపి వచ్చేసరికి, ఆమె నా కుర్చీలో కూర్చొని ఇరవయ్యో పేజీలో ఉన్నది. కాఫీ అడిగింది, పెట్టి ఇచ్చాను. సగం తాగి, కప్పును కిటికీలో పెట్టి, తలెత్తకుండా పేజీ తిప్పింది. ఆ కప్పు నాకు మళ్లీ రాత్రి సింకులో కనబడింది.