ఒక తూము మూస్తే చాలదు

ఓరుగల్లు నేల మీద గొలుసుకట్టు చెరువుల కింద సేద్యం చేసిన రైతుకు తరతరాలుగా తెలిసిన సంగతి ఒకటుంది: ఒక తూము మూసినంత మాత్రాన నీరు ఆగదు, మత్తడి దూకి మరో దారి పడుతుంది. మనిషి కణం లోపల జరిగేదీ ఇంచుమించు ఇదేనని కొత్త మందుల అన్వేషణ ఆలస్యంగా గ్రహించింది.

ఒక జబ్బుకు మూలమైన ఒక ప్రొటీన్‌ను గుర్తించి, దాన్ని అడ్డుకునే అణువును తయారుచేయడమే ఇన్నాళ్లూ సాగిన పద్ధతి. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ అనే మందు ఒక రకం రక్త క్యాన్సర్ రోగులకు నిజంగానే ప్రాణం పోసింది. అంతటి విజయాలు అరుదు. మనుషులపై పరీక్షల దాకా వచ్చిన మందుల్లో పదింట దాదాపు తొమ్మిది రోగికి చేరకుండానే ఆగిపోతున్నాయి.

ఎందుకో చెప్పడానికి, కణానికి పెరగమనే సంకేతాన్ని చేరవేసే బీరాఫ్ ప్రొటీన్ ఉదంతం చాలు. అందులో వచ్చే ఒకే మార్పు మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లోనూ, కొన్ని పెద్దపేగు క్యాన్సర్లలోనూ కనిపిస్తుంది. దాన్ని అణచే వెమురాఫెనిబ్ అనే మందు మొదటి జబ్బులో గడ్డలను కరిగించి, రెండోదాని దగ్గర తేలిపోయింది. కణంలోని సంకేత ప్రొటీన్ల జన్యువులను ఒక్కొక్కటిగా అణచి చూసిన పరిశోధకులకు 2012లో గుట్టు తెలిసింది: బీరాఫ్‌ను మూయగానే పెద్దపేగు కణాల్లో ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకం (కణం పైపొరలో ఉండి బయటి సంకేతాలను అందుకునే ప్రొటీన్) చురుకెత్తి, అదే సంకేతాన్ని పక్కదారిన నడిపిస్తోంది. మెలనోమా కణాల్లో ఆ గ్రాహకం స్వల్పం. రెండు దారులనూ కలిపి మూసే చికిత్సకు 2020లో అమెరికాలో అనుమతి లభించింది. జన్యువులు, ప్రొటీన్లు, జీవక్రియలు అన్నింటినీ ఒకే వలగా చూసి, గణిత నమూనాతో ముందే అంచనా కట్టే సిస్టమ్స్ బయాలజీ ఇటువంటి పక్కదారులను పరీక్షలకు ముందే వెతకాలంటుంది.

ఇది మనకు దూరపు విషయం కాదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. సుమారు 4,000 జన్యువులున్న ఆ సూక్ష్మజీవిని ఒక్క మందుతో లొంగదీయలేకనే నాలుగు మందులు కలిపి ఇస్తున్నాం. దాని జీవక్రియల పటాన్ని గీయడానికి 2008లో జాతీయ శాస్త్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ మొదలుపెట్టిన బహిరంగ పరిశోధనలో కళాశాల విద్యార్థులు సైతం పాలుపంచుకున్నారు. అప్పుడు సాధ్యమైనది ఇప్పుడు మరింత సులభం.

నమూనా దానికందిన సమాచారాన్ని మించి చెప్పలేదన్నది నిజం. ప్రపంచంలోని జన్యు సమాచారంలో అధికభాగం ఐరోపా మూలాల వారిదే కావడం మనకు పెద్ద లోటు. అందుకే మన రోగుల సమాచారంతో మనవాళ్లే పనిచేయాలి. కాకతీయ విశ్వవిద్యాలయ ఫార్మసీ కళాశాల, ఎన్ఐటీ, కాకతీయ వైద్య కళాశాల, ఎంజీఎం ఆసుపత్రి అన్నీ వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన ఒకే త్రినగరిలో ఉన్నాయి. ఫార్మసీ విద్యార్థికి గణిత నమూనాలను, ఇంజినీరింగ్ విద్యార్థికి కణ సంకేతాలను నేర్పే ఉమ్మడి కోర్సును ఈ సంస్థలు కలిసి ప్రారంభించాలని కోరుతున్నాం. తొలి అంశంగా మందులకు లొంగని క్షయను తీసుకోవచ్చు. రోగి అనుమతి, పేరు తొలగించిన సమాచారం, నైతిక సంఘం పరిశీలన అన్నవి మొదటి రోజు నుంచే తప్పనిసరి కావాలి. కంప్యూటర్లకూ పరిశోధక వేతనాలకూ రాష్ట్ర ప్రభుత్వం వచ్చే బడ్జెట్‌లోనే నిధులు కేటాయించాలి.