సాక్షుల పేర్లు ఎక్కించని సూచిక ఎవరి కోసం?

వందేళ్లు, నూటయాభై ఏళ్ల కిందట పౌరసత్వం కోరుతూ అమెరికా కోర్టుల్లో వలసదారులు పెట్టుకున్న అర్జీలను ఇవాళ ఎక్కడెక్కడి వాలంటీర్లో కంప్యూటర్ ముందు కూర్చుని చదువుతున్నారు. ఫ్యామిలీసెర్చ్ లాంటి సంస్థలు వాళ్ల చేత పేర్లు ఎక్కించి సూచికలు తయారు చేయిస్తున్నాయి. తాతముత్తాతల ఆనవాళ్లు వెతుక్కునేవాళ్లకు ఇప్పుడు ఆ సూచికే దిక్కు. పైసా తీసుకోకుండా చేస్తున్న ఈ పనిని తక్కువ చేయడానికి లేదు. తప్పు వాలంటీర్లది కాదు, వాళ్లకు ఇచ్చే గడులది. అర్జీదారు పేరు, వయసు, పుట్టిన చోటు, తేదీ అడుగుతారు. అదే కాగితం మీద ప్రమాణం చేసి సంతకం పెట్టిన సాక్షుల పేర్లకు చాలా ప్రాజెక్టుల్లో గడే ఉండదు.

ఇది చిన్న లోపమని నేను అనుకోను. 1906 సెప్టెంబర్ 27కు ముందు కాగితాలతో పని చేసినవాళ్లు ఎవరూ అలా అనుకోరు. అప్పటిదాకా రికార్డులు నిర్వహించే ఏ కోర్టయినా పౌరసత్వం ఇచ్చేది, ఏ గుమస్తాకు తోచిన నమూనా ఆ గుమస్తాది. చాలా చోట్ల మిగిలింది నాలుగు ముక్కలే: పేరు, ఏ రాజుకు విధేయత వదులుకుంటున్నాడు, తేదీ, సాక్షి. బోస్టన్‌లోనో న్యూయార్క్‌లోనో జాన్ మర్ఫీ అని వెతికితే కాగితాలు కుప్పలుగా వస్తాయి. అందరూ బ్రిటన్ రాణికి విధేయత వదులుకున్నవాళ్లే. పుట్టిన ఊరు ఉండదు, ఓడ పేరు ఉండదు, భార్య పేరు ఉండదు. వీళ్లలో మనవాడెవడో తేల్చగలిగేది సాక్షి ఒక్కడే. అర్జీదారు ఐదేళ్లుగా దేశంలోనే ఉన్నాడని ఎరిగిన పౌరుడే ప్రమాణం చేయాలి కాబట్టి, సాక్షిగా వచ్చేది తరచుగా బావమరిదో, సొంత ఊరి నుంచి ముందే వచ్చినవాడో, అద్దెకున్న ఇంటి యజమానో, పక్కన పనిచేసే మేస్త్రీయో. జనగణనలో పక్క ఇంట్లో కనిపించిన పేరు ఇక్కడ సాక్షి గడిలో తగిలిందంటే వెతుకులాట అక్కడితో తేలిపోతుంది.

ఈ సంగతి 1930ల్లో ప్రభుత్వానికి తెలుసు. ఆర్థిక మాంద్యం రోజుల్లో నిరుద్యోగులకు పని కల్పించిన డబ్ల్యూపీఏ పథకం కింద న్యూయార్క్ నగరం, న్యూ ఇంగ్లాండ్ కోర్టుల పాత పౌరసత్వ కాగితాలను ఫొటోలు తీయించి, కార్డులు రాయించారు. ఆ కార్డు మీద ఇంటిపేరు, కోర్టు, సంపుటి, పుట, ఓడరేవు గడుల కింద సాక్షుల పేర్లు, చిరునామాలు, వృత్తులు అంటూ ఒకటి, రెండు అంకెలు వేసిన వరుసలు అచ్చులోనే ఉన్నాయి. చేత్తో, టైపు మిషన్‌తో పని చేసినవాళ్లు ఆ రెండు వరుసలూ నింపారు. ఆ కార్డులనే డిజిటల్ చేసి తయారు చేసిన ఆన్‌లైన్ సూచికల్లో మాత్రం సాక్షి పేరుతో వెతకడానికి సాధారణంగా దారి లేదు. స్కాన్ చేసిన కాగితం బొమ్మలో పేరు కనిపిస్తూనే ఉంటుంది, వెతికితే దొరకదు. ఎనభై ఏళ్లలో వెనక్కి నడిచామన్నమాట!

సాక్షి గడి వల్ల ఇంకో లాభముంది, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఇదే. సూచికలో పేరు ఒకసారి తప్పు పడితే దాన్ని మళ్లీ పట్టుకోవడం కష్టం. పాత కార్డులు సౌండెక్స్ పద్ధతిలో పేర్చినవి. మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి తర్వాతి హల్లులకు అంకెలు ఇస్తారు. స్మిత్ అయినా ష్మిట్ అయినా ఎస్530 కిందే వస్తాయి కాబట్టి గుమస్తా స్పెల్లింగు తప్పినా పరవాలేదు. కానీ మొదటి అక్షరమే తప్పితే? కెల్లీలోని కె ను హెచ్ అని చదివితే కె400 కార్డు హెచ్400లోకి పోతుంది, ఇక ఎవరి కంటా పడదు. పాత చేతిరాతలో ఎల్, ఎస్ ఒకేలా, టి, ఎఫ్ ఒకేలా, ఐ, జె ఒకేలా ఉంటాయి. రెండు ఎస్‌లు పక్కపక్కన వచ్చినప్పుడు మొదటిది పొడుగ్గా సాగి ఎఫ్‌లా కనిపిస్తుంది. జాన్‌ను మూడక్షరాలకు కుదించి జె-ఎన్-ఓ అని రాసేవాళ్లు. అర్జీదారు పేరు ఇలా పాడైనా, సాక్షుల పేర్లు కూడా ఎక్కించి ఉంటే ఆ కాగితానికి ఇంకో రెండు వైపుల నుంచి దారి దొరుకుతుంది. ముగ్గురి పేర్లూ ఒకేసారి తప్పు పడటం అరుదు.

1906 తర్వాత ఫారాలు ఒకే రకంగా మారాయి, సమాచారం పెరిగింది, తప్పులూ కొత్త రకంగా పెరిగాయి. అర్జీ, దానికి ముందు పౌరుడినవుతానంటూ పెట్టిన ఉద్దేశ ప్రకటన, ఓడ దిగినట్టు ధ్రువపత్రం ఒకే మనిషివే అయినా విడివిడి బొమ్మలుగా వస్తాయి. సాక్షుల ప్రమాణం ఫారం వెనక పక్కకు వెళ్లిన చోట ఆ పేజీ మీద అర్జీదారు పేరు ప్రముఖంగా కనిపించకపోవచ్చు. తొందరలో ఉన్న వాలంటీరు ‘ఎక్కించదగిన సమాచారం లేదు’ అని గుర్తు పెట్టి ముందుకు పోతాడు. సాక్షులు అక్కడే మాయమవుతారు. 1906 చట్టం అర్జీతోపాటే పేరు మార్చుకునే వీలు కల్పించింది. కోర్టు ఉత్తర్వులో కొత్త పేరు, అర్జీలో పాత పేరు. ఒక్కటే ఎక్కిస్తే రెండో పేరుతో వెతికేవాడికి ఏమీ దొరకదు. ఇక విధేయత గడిలో ఉన్న రాజును బట్టి పుట్టిన దేశం రాసేయడమనే జబ్బు ఉండనే ఉంది. రష్యా చక్రవర్తి పేరున్నంత మాత్రాన ఆ మనిషి రష్యావాడు కాడు. విల్నా యూదుడు కావచ్చు, వార్సా పోలిష్‌వాడు కావచ్చు, ఫిన్లాండ్ నావికుడూ కావచ్చు. ఆడవాళ్ల సంగతి మరీ దారుణం. 1922 సెప్టెంబర్ 22 దాకా భర్తకు పౌరసత్వం వస్తే అర్హత ఉన్న భార్యకూ వచ్చినట్టే. ఆమెకు వేరే కాగితమే ఉండదు. భర్త అర్జీలో భార్య పేరు రాసిన ఆ ఒక్క వరుస తప్ప ఆమె ఆనవాలు అందులో ఇంకెక్కడా లేదు. దాన్ని ఐచ్ఛికం అంటూ వదిలేసే హక్కు ప్రాజెక్టు నిర్వాహకులకు ఎవరిచ్చారు?

గడులు పెంచితే వాలంటీర్లు అలిసిపోతారని, పని మందగిస్తుందని, పైగా కోర్టు గుమ్మంలో కాచుకుని డబ్బుకు సాక్ష్యం చెప్పిన బాపతు పేర్లు ఎక్కించి లాభమేమిటని ఒక వాదన ఉంది. చివరిది నిజమే. 1868 ఎన్నికల ముందు న్యూయార్క్ కోర్టుల్లో టామనీ హాల్ అనే డెమోక్రాటిక్ పార్టీ ముఠా వలసదారులను వేల సంఖ్యలో పౌరులుగా మార్పించింది. ఒకే మనిషి వందల మందికి సాక్షిగా నిలబడ్డ ఉదంతాలు బయటపడి అమెరికా కాంగ్రెస్ విచారణ దాకా వెళ్లాయి. అయితే ఫలానా సాక్షి బంధువా, కిరాయి మనిషా అన్నది ఒక కాగితం చూసి చెప్పలేం. పేర్లన్నీ సూచికలో ఉంటే ఒక్క వెతుకులాటతో తేలిపోతుంది: రెండు మూడు చోట్ల కనిపిస్తే చుట్టం, మూడు వందల చోట్ల కనిపిస్తే దళారి. అలసట సంగతంటారా, చేతిరాత చదివే యంత్రాలు వచ్చాక మొదటి చదువు వాటి చేతే చేయిస్తున్నారు. మనిషి శ్రమ దిద్దుబాటుకు మళ్లుతున్నప్పుడు గడులు తగ్గించాలన్న వాదనకు బలమెక్కడిది?

దిద్దుబాటు గురించి ఒక మాట. ఒకప్పుడు ఫ్యామిలీసెర్చ్‌లో ఒకే బ్యాచ్‌ను ఇద్దరు ఒకరికొకరు తెలియకుండా ఎక్కించేవారు. తేడా వచ్చిన చోట మూడో మనిషి తేల్చేవాడు. తర్వాత ఒకరు ఎక్కిస్తే ఇంకొకరు చూసే పద్ధతికి మారారు. ముందే ఎవరో టైపు చేసిన జవాబు కళ్లెదుట ఉంటే కన్ను దానివైపే మొగ్గుతుంది. అది యంత్రం ఇచ్చిన జవాబైనా అంతే. సాక్షుల పేర్లకైనా పాత పద్ధతే మేలు. బొమ్మను ముందు చూడాలి, చదివింది రాసుకోవాలి, ఆ తర్వాతే యంత్రం జవాబు తెరవాలి. గుమస్తా రాసిన పేరు, సాక్షి పెట్టిన సంతకం వేరుగా ఉంటే రెండూ ఎక్కించాలి. అనుమానపు అక్షరానికి ఊహ కాకుండా ప్రశ్న గుర్తు వాడాలి. అర్జీ నంబరు వేయకుండా వెనక పేజీని వదలకూడదు, రెండు బొమ్మలనూ కలిపేది ఆ నంబరే.

భారతీయుల విషయంలోనూ ఈ గడికి పని ఉంది. పంజాబ్ నుంచి వలస వెళ్లిన భగత్ సింగ్ థింద్ చట్టం దృష్టిలో తెల్లవాడు కాడు కాబట్టి ఒరెగాన్‌లో ఆయనకు దక్కిన పౌరసత్వం చెల్లదని 1923లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చాక, అంతకుముందు పౌరులైన మరికొందరు భారతీయుల పత్రాలనూ ప్రభుత్వం రద్దు చేయించింది. 1946లో చట్టం మారేదాకా మనవాళ్లకు ఆ తలుపు దాదాపు మూసే ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నేళ్లు అక్కడ పరిశోధనలు చేసి, పౌరుడు కాకుండానే 1948లో కన్నుమూశారు. 1923కు ముందు అర్జీ పెట్టిన భారతీయుడు ఇద్దరు అమెరికా పౌరులను సాక్షులుగా తెచ్చుకోక తప్పలేదు. రంగు చూసి చట్టం నిర్ణయించే రోజుల్లో ఈ మనిషి మాకు తెలుసు అని కోర్టుకు వచ్చి నిలబడ్డవాళ్లెవరు? యజమానులా, వకీళ్లా, పక్కింటివాళ్లా? జవాబులు ఆ ఫారాల్లోనే ఉన్నాయి. పేరు పెట్టి వెతికే వీలు లేదంతే.

ఇంత దూరం వెళ్లి అమెరికా సూచికలను తప్పుపట్టి, మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు నోరు మూసుకోవడం న్యాయం కాదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 55 ప్రకారం ఒకటో ఇండెక్సులో రాసి ఇచ్చినవారి పేర్లు, రాయించుకున్నవారి పేర్లు ఉండాలి, రెండో ఇండెక్సులో ఆస్తి వివరాలు. ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ తీసినా అవే వస్తాయి. దస్తావేజు చివర సంతకాలో నిశానీలో పెట్టిన సాక్షులు, దాన్ని రాసిన దస్తూరి, హద్దుల్లో తూర్పుకో పడమరకో కనిపించే పొరుగువారు పేరు పెట్టి వెతికితే దొరకరు. కూతురికి పసుపు కుంకుమ కింద రాసిచ్చిన కాగితం మీద సాక్షి సంతకం మేనమామది కావచ్చు, ఆ కుటుంబ చరిత్రలో ఆయన పేరు రాతలో మిగిలింది అక్కడొక్కచోటే కావచ్చు. పేరు ముందు ఒకే పొడి అక్షరం ఉన్న వెంకటరామయ్యలు నలుగురున్న ఊళ్లో, ఏ పొలం ఏ వెంకటరామయ్యదో తేల్చేదీ ఆ సాక్షులే. దీనికి చట్టం మార్చాల్సిన పని కూడా లేదు. రిజిస్ట్రేషన్ల ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎప్పటికప్పుడు ఆదేశించే ఇతర వివరాలు కూడా ఇండెక్సులో చేర్చాలని అదే సెక్షన్ 55 చెబుతోంది. సాక్షులకు రెండు గడులు కలపమని ఆంధ్రప్రదేశ్‌లో ఒక సర్క్యులర్, తెలంగాణలో ఒక సర్క్యులర్ ఇస్తే కొత్త దస్తావేజులకు రేపటి నుంచే అమలవుతుంది. పాత సంపుటాలకు వాలంటీర్లను పిలిచే ముందు ఎక్కించాల్సిన గడుల జాబితాను జనం ముందు పెట్టి అభ్యంతరాలు అడగాలి. పని మొదలయ్యాక గడి కలపాలంటే ప్రతి పుటా మళ్లీ తెరవాలి.