యాంటెన్నా ట్యూనర్ వారికి విన్నపం

మహారాజశ్రీ ల్యాప్‌టాప్ అడాప్టివ్ యాంటెన్నా ట్యూనర్ గారి సముఖానికి, ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల) ల్యాబ్ నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి.

యాంటెన్నా పరిస్థితి మారినప్పుడల్లా దాన్ని రేడియోకి సరిపడేలా సర్దే తమరు వేంచేస్తున్నారని తెలిసిన రోజే డిజైనువాళ్లు మూత మొత్తం అల్యూమినియం చేసేశారు. యాంటెన్నాకి మిగిలింది స్క్రీన్ పైన ఓ సన్నటి ప్లాస్టిక్ కిటికీ. వైఫై వాడే 2.45 గిగాహెర్ట్జ్‌కి గాల్లో పావు తరంగం 31 మిల్లీమీటర్లు; ఆ పొడుగు ఎలాగో దొరుకుతుంది, లోహానికీ దానికీ మధ్య ఎడమే దొరకదు. అడిగితే "ట్యూనర్ ఉందిగా, చూసుకుంటుంది" అంటారు.

చూసుకుంటారు, కాదనం. తమరి చెయ్యి పడగానే, వెనక్కొచ్చే పవర్ ఎంతో చూపే రిటర్న్ లాస్ గ్రాఫు ముచ్చటగా లోయ దిగుతుంది. అయితే యాంటెన్నా పీకేసి ఆ చోట 50 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టినా దిగుతుంది! పవరంతా వేడైపోతుంది, డేటా ప్యాకెట్టు గడప దాటదు. అందుకే తమరి పనితనం గ్రాఫులో కాదు, కొలతల గది (ఛాంబర్)లో టోటల్ ఎఫిషియెన్సీ, అంటే ఇచ్చిన పవర్లో గాల్లోకి వెళ్లిన వంతు, కొలిచి తేలుస్తాం.

జీతం లెక్క కూడా చూద్దాం. రిటర్న్ లాస్ (ఈ అంకె పెద్దదైతే వెనక్కొచ్చేది తక్కువ) 6 డీబీ (డెసిబెల్లు) ఉన్న యాంటెన్నా, ఇచ్చిన పవర్లో పావు వంతు వెనక్కి తోస్తుంది. అంటే నష్టం 1.25 డీబీ. తమరొచ్చి రిటర్న్ లాస్‌ను 10 డీబీ చేస్తే నష్టం 0.46కి దిగుతుంది. మిగిల్చింది 0.8. అందులో తమరి స్విచ్చూ ఇండక్టర్లూ 0.5 మింగితే మాకు దక్కేది 0.3. దీనికి కంట్రోల్ లైన్లు, ఫర్మ్‌వేర్ పట్టికలు, రాజలాంఛనాలు! మూత వెనక్కి మడిచి టాబ్లెట్‌లా వాడేటప్పుడు రిటర్న్ లాస్ 3 డీబీకి పడిపోతే మాత్రం దండం పెడతాం. అప్పుడు నికరంగా రెండు డీబీలు తమరి పుణ్యమే.

పోనీ, పవర్ అందే చోట కాకుండా యాంటెన్నా కొసనే కూర్చుంటారా? చెయ్యి దగ్గరికొస్తే కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని పట్టి ఉంచే గుణం) పెరిగి రెజొనెన్స్ (యాంటెన్నా బాగా పలికే ఫ్రీక్వెన్సీ) కిందికి జారుతుంది, తమరు కొసన కెపాసిటెన్స్ కొంత తగ్గిస్తే మళ్లీ పైకొస్తుంది. బాగుంది. కానీ ఆఫ్‌లో ఉన్నా స్విచ్చుకి 0.2 పికోఫారడ్ కెపాసిటెన్స్ ఉందనుకోండి, 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర అది 325 ఓమ్‌ల అడ్డు, వైఫై పై బ్యాండులో 5.5 దగ్గర 145 ఓమ్‌లే. నిద్రపోతున్నానంటూనే పై బ్యాండును కిందికి లాగుతుంటారన్నమాట.

ప్యాకెట్టు నడుస్తుండగా మాత్రం సెట్టింగు మార్చకండి. రిసీవర్ ప్రియాంబుల్ (ప్యాకెట్టు మొదట్లో వచ్చే, ముందే తెలిసిన సంకేతం) చూసి ఛానెల్‌ని, అంటే దారిలో సంకేతం ఎలా మారుతోందో, అంచనా కట్టుకుంటుంది; మధ్యలో తమరు ఫేజు (తరంగం దశ) తిప్పేస్తే ఆ అంచనా గంగలో కలిసి, ప్యాకెట్టు మళ్లీ పంపాల్సొస్తుంది. పంపేటప్పుడు కప్లర్‌తో (పవర్లో కాస్త పక్కకి తీసి చూపే భాగంతో) రిఫ్లెక్షన్ కొలవండి, ప్యాకెట్ల మధ్య సందు చూసి మారండి. వైఫైలో పంపేదీ వినేదీ ఒకే ఫ్రీక్వెన్సీలో కాబట్టి అదే సెట్టింగు రెంటికీ సరిపోతుంది.

ఇట్లు,
మూతలో చోటు కోసం దేబిరిస్తున్న
ఆర్‌ఎఫ్ బృందం

తా.క.: యూఎస్‌బీ 3.0 రొద 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులోకి పాకుతోంది. తమరు బాగా ట్యూన్ చేసినకొద్దీ యాంటెన్నా దాన్నీ అంతే శ్రద్ధగా వింటోంది. కనెక్టర్‌కి షీల్డు వేయించమని బోర్డువాళ్లకి వేరే ఉత్తరం రాశాం. వాళ్లూ తమరి పేరే చెబుతున్నారు.