మిషన్ ఆగినప్పుడే అసలు ప్రమాదం

టన్నెల్ బోరింగ్ మెషిన్లు (టీబీఎంలు) వచ్చాక సొరంగం పనిలో ప్రాణభయం తగ్గిందంటారు. చాలావరకు నిజమే. పేలుళ్లు ఉండవు. షీల్డ్ రకం టీబీఎంలో అయితే చుట్టూ ఉక్కు కవచం, వెనకాలే సొరంగం గోడగా రింగులు రింగులుగా పేర్చే కాంక్రీటు సెగ్మెంట్లు. మిషన్ సజావుగా తిరుగుతున్నంతసేపు మట్టికీ మనిషికీ మధ్య ఏదో ఒక అడ్డు ఉంటుంది. చిక్కంతా అది ఆగినప్పుడే.

రాయిని కోసే డిస్క్ కట్టర్లు అరిగిపోతాయి. వంద కిలోలు దాటే ఆ చక్రాలను మార్చాలంటే మనిషి ఆ అడ్డును దాటి మిషన్ ముందు తిరిగే కట్టర్ హెడ్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఎవరైనా పొరపాటున తిప్పితే? అందుకే లోపలికి వెళ్లేవాడి జేబులోనే దాన్ని కదలనివ్వని తాళంచెవి ఉండాలి. మెత్తటి నేల, నీటి ఊట ఉన్నచోట ఇంకో చిక్కు. ముందున్న మట్టి కూలకుండా కట్టర్ హెడ్ వెనకుండే గదిలో కంప్రెస్డ్ ఎయిర్ నింపుతారు. ఆ ఒత్తిడిలో పనిచేసి ఒక్కసారిగా బయటికొస్తే ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కడుతుంది. దశలవారీగా ఒత్తిడి తగ్గించే పట్టికలను డైవర్ల కోసం బ్రిటిష్ శాస్త్రవేత్త హాల్డేన్ 1908లోనే ఇచ్చారు. ఒత్తిడిని మెల్లగా తగ్గించే చిన్న గది, అంటే మ్యాన్ లాక్‌లో కూర్చుని ఓపిగ్గా బయటికి రావడం వెనకున్నదీ అదే సూత్రం. ఒత్తిడి బాగా ఎక్కువైతే పని చేసిన సమయం కంటే బయటికొచ్చే సమయమే ఎక్కువ కావచ్చు. షెడ్యూల్ వేసేవాళ్లకు మింగుడుపడని లెక్క ఇది.

డెన్మార్క్‌లో గ్రేట్ బెల్ట్ జలసంధి కింద తవ్వుతున్న రైలు సొరంగంలోకి 1991 అక్టోబర్‌లో సముద్రం నీళ్లు దూసుకొచ్చాయి. అప్పుడు మిషన్ తవ్వడం లేదు, మరమ్మతు కోసం ఆగి ఉంది. నీళ్లను ఆపాల్సిన తలుపు గుండా కేబుళ్లు, గొట్టాలు వేసి ఉండడంతో దాన్ని మూయలేకపోయారు. అదృష్టం, ఎవరూ చనిపోలేదు. తనిఖీకి వచ్చినవాళ్లు తలుపు ఉందని టిక్కు పెట్టుకుని వెళ్లిపోవడం తేలిక. మూసుకుంటుందో లేదో చూడాలంటే గొట్టాలు తీయాలి, అంటే పని ఆపాలి.

తెలంగాణలోని ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి, నీళ్లూ బురదా ముంచెత్తాయి. 8 మంది లోపలే చిక్కుకుపోయారు. టీబీఎం కూడా ఆ శిథిలాల్లో నలిగిపోయింది. ఇలాంటి చోట మిషన్ మీద ఉండే రెఫ్యూజ్ ఛాంబర్‌ను, అంటే ప్రమాదంలో తలదాచుకునే గదిని నమ్ముకోలేం. అది ప్రధానంగా పొగ, మంటల నుంచి కాపాడేది. నేల సంగతి ముందే తెలియాలి. అంటే మిషన్ కంటే ముందుకు సన్నటి రంధ్రాలు వేసే ప్రోబ్ డ్రిల్లింగ్ చేస్తూ, ముందు బలహీనమైన రాయి ఉందా, నీళ్లున్నాయా అని చూసుకుంటూ పోవాలి. దానికీ చాలాసార్లు మిషన్ ఆపాల్సిందే.

మీటర్ల లెక్కన బిల్లు పడే కాంట్రాక్టులో ఆగిన ప్రతి గంటా నష్టమే. సూపర్‌వైజర్ చెడ్డవాడు కానక్కర్లేదు, పైనుంచి ఫోన్లు వస్తుంటే ఎంత మంచివాడైనా 'ఇంకో రెండు రింగులు వేసి చూద్దాం' అంటాడు. ఈ టెన్షన్‌ను హెల్మెట్లు, పోస్టర్లు తగ్గించలేవు. ప్రోబ్ డ్రిల్లింగ్‌కు, కట్టర్ల మార్పిడికి, డీకంప్రెషన్‌కు పట్టే గంటలకు టెండర్‌లోనే విడిగా రేటు పెట్టి డబ్బు చెల్లించాలి. ఆపమని చెప్పే జియాలజిస్ట్ జీతం, బోనస్ తవ్విన మీటర్లతో ముడిపడి ఉండకూడదు. ఖర్చు పెరుగుతుందని అభ్యంతరం చెప్పేవాళ్లు, ఒక టీబీఎం బురదలో కూరుకుపోతే ప్రాజెక్టు ఎన్నేళ్లు వెనక్కి పోతుందో కూడా అదే కాగితం మీద లెక్కేయాలి.