సవరణ: నులిపురుగుల మాత్ర పరగడుపున కాదు

ఫిబ్రవరి 10న మన కర్నూలు బడుల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర గురించి నిన్న పోస్టు పెట్టాను. పిల్లల్ని పరగడుపున పంపండి, మాత్ర నీళ్లతో మింగిస్తారు అని రాశాను. రెండూ తప్పే, పొరపాటు నాదే.

మధ్యాహ్న భోజనం అయ్యాకే ఇస్తారు. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్రను బాగా నమిలించాకే నీళ్లు తాగిస్తారు. మా వీధి ఏఎన్ఎం చెప్పారు, ఆరోగ్య శాఖ సూచనల్లోనూ అలాగే ఉంది. "సుద్దముక్క తిన్నట్టుందమ్మా" అని పోయినసారి మా చిన్నోడు మొహం చిట్లించాడు, అప్పుడైనా నాకు వెలగాల్సింది.

కాబట్టి పొద్దున ఎప్పట్లాగే ఉగ్గాని పెట్టి పంపండి. జ్వరం ఉంటే ఆ రోజు వేయరు, టీచరుకు ముందే చెప్పండి. తప్పిపోయినవాళ్లకు 17న ఇస్తారు.