పంజరంలో పాలపిట్టకు దండం పెడితే ఏం పుణ్యం?

దసరా దగ్గర పడుతోంది కాబట్టి ఈ మాట ఇప్పుడే చెప్పాలి. పండగ రోజు పాలపిట్టను పంజరంలో పెట్టుకుని వీధి వీధి తిరుగుతూ, డబ్బులు తీసుకుని దర్శనం చేయించేవాళ్లను దయచేసి ప్రోత్సహించకండి. పదో ఇరవయ్యో చేతిలో పెట్టి, దండం పెట్టుకుని, ఈ ఏడు అంతా శుభమే అనుకుని ఇంటికి వచ్చేస్తాం. ఆ పిట్ట ఎగిరిపోకుండా కాళ్లకు దారం కడతారు, రెక్కలకు జిగురు పూస్తారు. పండగ అయ్యాక వదిలేసినా దానికి ఎగిరే ఓపిక ఉండదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం. పైగా తెలంగాణ రాష్ట్ర పక్షి అదే, ఒకప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి కూడా.

చట్టం సంగతి అలా ఉంచండి. నా బాధ ఇంకొకటి. మన పెద్దవాళ్లు జమ్మిపూజ రోజు పాలపిట్ట కోసం ఊరు దాటి పొలాల్లోకి వెళ్లేవాళ్లు. కనబడితే కనబడేది, లేకపోతే లేదు. కనబడకపోవచ్చని తెలిసీ వెళ్లేవాళ్లు కాబట్టే, కనబడగానే చేతులు వాటంతటవే పైకి లేచేవి. డబ్బిస్తే ఖాయంగా కనబడేలా ఏర్పాటు చేసుకున్నాక ఇంక అందులో నమ్మడానికి ఏం మిగిలింది?

అసలు పాలపిట్టను చూడటం అంత కష్టమేమీ కాదు. వానలు తగ్గాక ఊరి బయట కరెంటు తీగల మీద చూడండి. కూర్చున్నప్పుడు ఛాతీ అంతా మట్టిరంగు, పెద్దగా పట్టించుకోబుద్ధి కాదు. ఉన్నట్టుండి మిడత కోసం కిందికి దూకుతుంది. అప్పుడు రెక్కలు విప్పుతుంది చూడండి, ముదురు నీలం, లేత నీలం పట్టీలు పట్టీలుగా! మిడతను పట్టుకుని మళ్లీ తీగ మీదికి వస్తుంది, రెక్కలు ముడుస్తుంది, రంగంతా మాయం. ఈ రంగు పంజరంలో ఎలా కనబడుతుందండీ? రెక్క విప్పే చోటే లేదు కదా అక్కడ.

నాన్న పోయిన ఏడాది నేను గుడికి వెళ్లడం మానేశాను. "ధైర్యంగా ఉండమ్మా, అంతా మంచికే" అని ఎవరైనా అంటే ఒళ్లు మండేది. ఇంట్లో ఉండలేక పొద్దున్నే చెరువుగట్టు మీదికి పోయేదాన్ని. అది వానాకాలం. గట్టు పక్క తుమ్మచెట్టుకు గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి. మగపిట్ట పచ్చిగడ్డి ఆకును ముక్కుతో కొరికి, సన్నటి పోచగా చీల్చి, ఎగురుకుంటూ తెచ్చి ముడి వేసేది. గూడు సగమై, హెల్మెట్ వేలాడదీసినట్టు కనబడే వేళకు ఆడపిట్ట వచ్చేది. లోపలికి దూరి పోచలు పీకి చూసేది. నచ్చితే మిగతా సగమూ, కింద పొడుగాటి గొట్టమూ కట్టేవాడు. నచ్చకపోతే ఆ గూడు అలాగే వేలాడేది, మగవాడు పక్కనే ఇంకొకటి మొదలుపెట్టేవాడు. లోపలి గోడకు తడిమట్టి ముద్దలు కూడా అంటించేవాడు.

దీన్ని పట్టుదలకు పాఠంగా చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి. నాకు ఆ పాఠం అక్కర్లేదు. గిజిగాడు నాకు నేర్పడానికి గూడు కట్టడం లేదు. నా ఏడుపుతో వాడికి పని లేదు. నేను గట్టు మీద ఉన్నా లేకపోయినా వాన పడుతుంది, గడ్డి లేస్తుంది, గూడు కడతాడు. నా ప్రమేయం లేకుండా, నా అనుమతి అడగకుండా లోకంలో ఇంత పని నడుస్తోందని కళ్లారా చూశాక గుండెల మీద బరువు కాస్త దిగింది. మళ్లీ దేవుడి ముందు నిలబడగలిగింది ఆ తర్వాతే. ఇప్పటికీ టెన్షన్ ఎక్కువైతే నేను వెళ్లేది ఆ గట్టుకే.

ఆశ అంటే నాకు గుర్తొచ్చే పిట్ట మాత్రం వేరు. కడప జిల్లా కలివికోడి. 1848లో జెర్డాన్ అనే బ్రిటిష్ డాక్టర్ దాని గురించి రాశాడు. 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట టార్చిలైటు వెలుగులో ఒకదాన్ని పట్టుకున్నాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ అది కలివికోడేనని తేల్చాడు. పాపం, ఆ పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు. కానీ దాని జాతి ఉందని తెలిసింది. దానికోసం లంకమల అభయారణ్యం వచ్చింది, తర్వాత తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. ఒక పిట్ట కోసం కాలువను పక్కకు తిప్పిన రాష్ట్రం మనది. ఇది మన పిల్లలకు స్కూల్లో ఎందుకు చెప్పమో నాకు అర్థం కాదు. ఆ తర్వాత మళ్లీ చాలా ఏళ్లు జాడ లేదు. అయినా రాత్రుళ్లు ఆ ముళ్లపొదల మధ్య చెవులు రిక్కించి తిరిగేవాళ్లు తిరుగుతూనే ఉన్నారు. 2025లో దాని పిలుపు మళ్లీ రికార్డయింది.

అందుకే ఫొటో కోసం ఫోన్‌లో పిట్టకూత పెట్టి పిట్టను రప్పించేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. గూడు బాగా కనబడాలని అడ్డొచ్చే కొమ్మలు విరిచేవాళ్లు ఇంకా ఘోరం. ఆ నీడ పోతే పిల్లలు ఎండకు మాడతాయి, కాకులకు దారి దొరుకుతుంది. పంజరం పెట్టేవాడైనా పొట్టకూటి కోసం పెడుతున్నాడు. లక్షల లెన్సు కొనుక్కున్నవాళ్లకు ఆ అవసరం కూడా లేదు కదా?

లెన్సు లేకపోయినా పర్వాలేదు. ఇంటి ముందు మందారానికి వచ్చే తేనెపిట్టతో మొదలుపెట్టండి, పొద్దున ఏడింటి లోపు చూడండి. మా వైపు ఉండేవాళ్లు ఎవరైనా దసరా నాడు పిల్లల్ని తీసుకుని పొలాల వైపు వస్తానంటే నాకు మెసేజ్ పెట్టండి. నా దగ్గర రెండో బైనాక్యులర్ ఉంది, పిల్లలకు ఇస్తాను.